ఎర్ర లైటు ఆరలే

నా గొంతు మీలో చాలామంది వినే ఉంటారు. కోడలి చేతిలోంచి కాఫీ గ్లాసు లాక్కునే అత్త, పెళ్ళిపందిట్లో చెయ్యి ఊపుతూ రంకెలేసే మేనత్త, హీరోయిన్‌ని హాస్టల్లోంచి గెంటేసే వార్డెను. మొహాలు ఎవరెవరివో, గొంతు మాత్రం నాది. మెత్తగా మాట్లాడే తల్లి వేషానికి నన్నెవరూ పిలవలేదు. ఒకసారి ఉండబట్టలేక అడిగితే సౌండ్ ఇంజనీరు, "మీరు 'బాబూ, అన్నం తిన్నావా' అన్నా కూడా వాడేదో నేరం చేసినట్టు వినిపిస్తుందండీ" అన్నాడు. నిజమే కాబట్టి ఊరుకున్నాను. ఊరుకోవడం నాకు అలవాటున్న పని కాదు. దాన్ని నేను నేర్చుకున్నది ముప్పై ఆరో ఏట, నా కూతురికి పెట్టిన పరీక్షలో.

ఎనభైల చివర్లో సినిమా పని ఒక్కొక్కటిగా మద్రాసు నుంచి హైదరాబాదుకి తరలుతుంటే దాని వెనకాలే మేమూ వచ్చాం. మా ఆయన ప్రొడక్షన్ మేనేజరు. ఏడాదిలో సగం రోజులు అవుట్‌డోర్‌లోనే ఉండేవాడు. యూసుఫ్‌గూడలో రెండు గదుల వాటా కిరాయికి తీసుకున్నాం. అప్పటికి పాప ఏడాది పిల్ల. పుట్టగానే ఏడవలేదు. ఆ కాసేపట్లో మెదడుకి గాలి అందలేదని, అందుకే కుడి చెయ్యి, కుడి కాలు బిగుసుకున్నాయని డాక్టర్లు చెప్పారు. మూడున్నరేళ్ళకి ఇనప పట్టీల బూటు వేసుకుని నడిచింది. నాలుకకీ పెదవులకీ కూడా ఆ బిగుతు ఉంది. "మాట వస్తుందమ్మా, కాని నింపాదిగా వస్తుంది. తొందరపెట్టకండి" అని పెద్ద డాక్టరు మరీ మరీ చెప్పాడు. నేను తలూపాను. తలూపడం తేలికే కదా.

తెర మీద పెదవులు కదలడం చూసి వాటికి మాట అందించడం నా వృత్తి. ఇంట్లోనూ అదే చేశాను. పాప 'నీ' అనగానే "నీళ్ళా?" అని గ్లాసు పెట్టేదాన్ని. 'బొ' అంటే బొమ్మ చేతికిచ్చేదాన్ని. చుట్టాలెవరైనా "నీ పేరేంటమ్మా?" అంటే, పాప పెదవులు ఆ మాట కోసం వెతుక్కుంటుండగానే పేరు, వయసు, ఏం తిన్నదీ అన్నీ గడగడా నేనే అప్పజెప్పేదాన్ని. సాయం చేస్తున్నాననే అనుకున్నాను. నాకంత వేగంగా ఇంకెవరు అందిస్తారని కొంచెం గర్వం కూడా ఉండేది, అబద్ధం ఎందుకు.

పాపని రోజూ చూసుకునే మనిషి లేక చాలా రోజులు నాతోపాటు డబ్బింగ్ థియేటర్‌కి తీసుకెళ్ళేదాన్ని. జూబ్లీహిల్స్‌లో అప్పటికింకా బండరాళ్ళు ఎక్కువ, బంగళాలు తక్కువ. ఆటో ఆ గుట్ట ఎక్కుతుంటే పాప ముందుకి వంగి కూర్చునేది, ఆటోకి తను సాయం పడుతున్నట్టు. థియేటర్ లోపల మడతకుర్చీ ఒకటి దానిది. అక్కడి పద్ధతి ఒక్కటే. తెర పక్కన ఎర్ర లైటు వెలిగిందంటే టేక్ నడుస్తోందని, గొంతు రికార్డవుతోందని అర్థం. మైకు ముందున్న మనిషి తప్ప ఇంకెవరూ నోరు విప్పకూడదు, దగ్గకూడదు, కుర్చీ కిర్రుమనకూడదు. గాజులు గలగలమంటాయని మేం ఆడవాళ్ళం తీసి పర్సుల్లో వేసుకునేవాళ్ళం. గంజి పెట్టిన చీర కట్టుకొస్తే ఇంజనీరు వెనక్కి పంపేసేవాడు. పాప కాలి వెండి మువ్వల పట్టీలు నేనే తీసేశాను. ఆ ఇనప బూటుకి గుడ్డ చుట్టాను. "ఎర్ర లైటున్నప్పుడు మాట్లాడితే ఎదుటివాళ్ళ టేక్ పాడైపోతుంది. పాపం, వాళ్ళు మళ్ళీ మొదట్నించి చెప్పాలి" అని నేర్పాను.

నాలుగేళ్ళకే నేర్చుకుంది. ఎర్ర లైటు వెలిగిందంటే దాని ఊపిరి కూడా వినిపించేది కాదు. పేరున్న నటులు కూడా టేక్ మధ్యలో తుమ్మేవారు కాని నా కూతురు మాత్రం తుమ్మేది కాదు. "మీ పాపంత క్రమశిక్షణ మా ఆర్టిస్టులకి ఉంటేనా!" అనేవాడు ఇంజనీరు. నాకు ఒళ్ళంతా సంతోషమే.

ఆరేళ్ళు నిండగానే వెంగళరావు నగర్ వైపు ఒక బడికి తీసుకెళ్ళాను. హెడ్‌మిస్ట్రెస్ గుంటూరు వైపు క్రిస్టియన్ ఆవిడ. సన్నటి మనిషి, మడత నలగని తెల్లచీర. పాపని కాసేపు చూసి, "కాదనడం లేదమ్మా. కాని మా కమిటీ కాగితం అడుగుతుంది. ఒక సైకాలజిస్టు దగ్గర పరీక్ష చేయించి, మామూలు క్లాసులో కూర్చోగలదని రాయించుకు రండి" అన్నారు.

"మామూలు పిల్లలకి కూడా ఇలాంటి కాగితం అడుగుతారా?" అన్నాను.

"అడగం."

"మరి కూర్చోలేని వాళ్ళు వాళ్ళలోనే ఎక్కువమంది కనిపిస్తున్నారు" అన్నాను, కిటికీలోంచి కుర్చీలెక్కి గెంతుతున్న పిల్లల్ని చూపించి.

ఆవిడ నవ్వారు. కాగితం మాత్రం కావాలన్నారు.

ఏప్రిల్లో ఒక పరీక్షా కేంద్రానికి వెళ్ళాం. సైకాలజిస్టు కుర్రాడే, ముప్పై దాటి ఉండవు. పాపని లోపలికి తీసుకెళ్ళి నన్ను బయట బెంచీ మీద కూర్చోమన్నాడు. తలుపుకి చిన్న అద్దం ఉంది. అందులోంచి నాకు పాప రెండు జడలు, బల్ల అంచు కనిపించాయి. ఆయన ఏదో అడుగుతున్నాడు. జడలు కదలడం లేదు. ముప్పావుగంట గడిచాక తలుపు తెరిచాడు.

"ఒక్క మాట కూడా మాట్లాడలేదు మేడమ్."

"ఇంట్లో మాట్లాడుతుంది."

"తల్లులందరూ అలాగే అంటారు."

"తల్లులందరూ అంటున్నారంటే ఒకసారైనా నమ్మి చూడాల్సింది."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. చెక్కపలకలో గుండ్రం, నలుపలకల ముక్కలు అమర్చమంటే సరిగ్గానే అమర్చిందట. కాని స్టాప్‌వాచీ ప్రకారం మరీ నెమ్మదట. "ఒక్కో ముక్కనీ గాజు సామాను పెట్టినట్టు పెట్టింది" అన్నాడు. నేను ఇంకా చాలా అన్నాను. అత్తపాత్రల గొంతులన్నీ ఒక్కసారే బయటికొచ్చాయి. ఆయన రిపోర్టు వారంలో పోస్టులో వస్తుందని చెప్పి తలుపేసుకున్నాడు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో పాప నా కొంగు లాగింది. "అమ్మా, ఎర్ర..." అంది. పెదవులు తర్వాతి మాట కోసం వెతుక్కుంటున్నాయి. నేను ఆ కుర్రాడి మీద కోపంతో ఉడికిపోతున్నాను. "ఎర్ర ఐసా? ఉండు" అని ఆటో ఆపించి పుల్ల ఐసు కొనిచ్చాను. పాప దాన్ని చూసింది, నన్ను చూసింది. తర్వాత తినేసింది.

రిపోర్టు వచ్చింది. ఒక్క పేజీ, ఇంగ్లీషులో. ఆ రోజుల్లో బుద్ధి ఎదుగుదల తక్కువనుకున్న పిల్లల్ని రెండు వరసల్లో నిలబెట్టేవారు. ఎడ్యుకబుల్ అంటే చదువు చెప్పదగినవాళ్ళు. ట్రైనబుల్ అంటే చదువు అంటదు, బట్టలు వేసుకోవడం, ముఖం కడుక్కోవడం లాంటివి నేర్పొచ్చు అని. నా కూతుర్ని రెండో వరసలో నిలబెట్టారు. మాట లేదు, స్పెషల్ స్కూలుకి పంపాలి అని కింద రాశారు. స్పెషల్ స్కూలంటే నాకు చిన్నచూపేం లేదు. ఆ పిల్లకి అది కావలసిందే అయితే నేనే ఎత్తుకుని తీసుకెళ్ళేదాన్ని. కాని రాత్రి పడుకునే ముందు గోడ మీది క్యాలెండర్‌లో అంకెలు చదివే పిల్లకి చదువు అంటదంటే ఎలా ఒప్పుకుంటాను? ఇంగ్లీషు సాహిత్యంలో బి.ఏ. చదివిన దాన్ని. ట్రైనబుల్ అన్న మాట నేను అప్పటిదాకా కుక్కల గురించే చదివాను.

హెడ్‌మిస్ట్రెస్ గారికి ఆ కాగితం చూపించక తప్పలేదు. ఆవిడ రెండుసార్లు చదివి మడతపెట్టి నాకే ఇచ్చేశారు. "ఇది ఫైల్లో పెడితే ఇంక తలుపు మూసినట్టేనమ్మా. నేను చూడలేదనుకోండి. బడి తెరిచేలోగా ఇంకో కాగితం తెస్తే తీసుకుంటాను. తేలేకపోతే మాత్రం నా చేతుల్లో ఏమీ లేదు."

ఇంటికొచ్చి, ఊళ్ళో సైకాలజిస్టులు ఇంకెవరున్నారో కనుక్కుందామని ఇంటి ఓనరమ్మ ఫోను వాడుకోవడానికి వెళ్ళాను. ఆవిడ అరుగు మీద చిక్కుడుకాయలు ఈనె తీస్తోంది. పక్కన మా పాప కూడా ఎడమచేత్తో తీస్తోంది. నేను పనికి వెళ్ళి పాపని ఇంట్లో ఉంచిన రోజుల్లో అది 'అత్తా' అంటూ ఆవిడ దగ్గరే ఉండేది. అందుకే దాని మాటల్లో నా భాష కంటే ఆవిడ భాష ఎక్కువ.

"చెల్లె, జర గీడ కూసో" అంది ఆవిడ. "ఆ పరీచ్ఛల గామె ఎందుకు మాట్లాడలేదో అడిగినవా?"

"అడిగితే చెప్తుందా అక్కా? నేనే పది రోజులుగా..."

"నువ్వు అడుగుతవ్, నువ్వే జవాబు జెప్తవ్. గామె ఎప్పుడు జెప్పాలె? నాతోని చెప్పింది. గీ బుట్టెడు కాయ అయ్యేదాంక చెప్పింది. నేను కాయ తీసుకుంట విన్న."

"ఏం చెప్పింది?"

"నన్నడుగుతవేంది? గామెనే అడుగు. అడిగి నోరు మూసుకో."

నేను అరుగు మీద కూర్చున్నాను. "ఎందుకు మాట్లాడలేదమ్మా?" అన్నాను. పాప చిక్కుడుకాయ కింద పెట్టింది. పెదవులు కదిలాయి. 'ఎర్ర' అని వచ్చింది. ఐసు అనబోయాను. ఓనరమ్మ నా మోకాలు మీద ఒక్కటిచ్చింది.

"ఎర్ర... లైటు... ఆరలే" అంది పాప.

నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత మిగతాది కూడా వచ్చింది, ముక్కలు ముక్కలుగా, ఆవిడ మరో నాలుగు కాయలు తీసేంత సేపు. ఆ అంకుల్ ముందు టేప్‌రికార్డర్ ఉంది. దానికి ఎర్ర లైటు ఉంది. అది వెలుగుతూనే ఉంది. అంకుల్ మాట్లాడుతున్నాడు. అంటే టేక్ అంకుల్‌ది. తను మాట్లాడితే అంకుల్ టేక్ ఖరాబైతది. చెక్కముక్క టక్కుమన్నా ఖరాబైతది. అందుకే చప్పుడు కాకుండా పెట్టింది. ఎప్పుడు ఆరుతదా అని చూసింది. ఆరలే. ఆటోలో అమ్మకి చెప్దామనుకుంది. అమ్మ ఐసు కొనిచ్చింది.

ఓనరమ్మ పకపకా నవ్వింది. తర్వాత నా మొహం చూసి ఆపింది. "ఏడుస్తవేందే పిచ్చిదానా! నీ బిడ్డకి తెలివి లేకనా? తెలివి ఎక్కువై!"

ఏడుపు అందుకు కాదు. ట్రైనబుల్ అన్న మాట అబద్ధమేం కాదని నాకప్పుడు తెలిసింది. ఆ ట్రైనింగ్ ఇచ్చింది నేనే.

మర్నాడే మళ్ళీ వెళ్ళాను. ఈసారి అరవలేదు. ఎర్ర లైటు సంగతి మొదట్నించి చివరిదాకా చెప్పాను. సైకాలజిస్టు బల్లమీది టేప్‌రికార్డర్ వైపు చూశాడు. మీట నొక్కాడు. ఎర్రచుక్క వెలిగింది. మళ్ళీ నొక్కి ఆర్పేశాడు.

"జవాబులు మళ్ళీ విని సరిచూసుకోవచ్చని పెట్టుకున్నాను మేడమ్. ఇలా అవుతుందని..." అని ఆగి, "కాని ఇదే పరీక్ష వెంటనే మళ్ళీ పెట్టకూడదు. ప్రశ్నలు గుర్తుంటాయి" అన్నాడు.

"మా దగ్గర 'ఛీ పో' అనే డైలాగుకి పదకొండు టేకులు తీసుకుంటారండీ. అనేది నేను, అనిపించుకునేది ఎవరో. ఈ పిల్ల చదువుకి ఒక్క టేకేనా?"

ఆయనకి నవ్వొచ్చింది, ఆపుకున్నాడు. వేరే ప్రశ్నలున్న ఇంకో పరీక్ష ఉందని, నెలన్నర ఆగి రమ్మని అన్నాడు. "అప్పుడు మీరూ లోపలే కూర్చోండి. కిందటిసారి పాప తలుపు వైపు చూస్తూనే ఉంది. కాని ఒక షరతు. మీరు ఒక్క అక్షరం అందించినా ఆపేస్తాను. అందించకుండా ఉండగలరా?"

"ఉండగలను" అన్నాను. ఆయన నమ్మలేదు. నేనూ నమ్మలేదు.

ఆ నెలన్నర పరీక్ష పాపకి కాదు, నాకు. తను మాట మొదలుపెట్టగానే నా నోరు దానంతటదే తెరుచుకునేది. ఓనరమ్మ మార్గం చెప్పింది: "నోట్లె ఏమన్న పెట్టుకో. చిన్నపిల్లలకి పాలపీక పెట్టినట్టు." గొంతు కోసం మేం పర్సులో లవంగాలు పెట్టుకుంటాం. ఒకటి నాలుక మీద పెట్టుకుని పాప మాట పూర్తయ్యేదాకా దాన్ని కొరకకూడదని నియమం పెట్టుకున్నాను. మొదటి వారం నోరంతా మండిపోయింది. మా ఆయన షూటింగ్ నుంచి వచ్చి, ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉండటం చూసి, "ఏంటే, ఒంట్లో బాలేదా?" అని నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు. నేను పాప వైపు చూపించాను. పాప ఆయనకి ఏదో చెప్తోంది. ఆయన సూట్‌కేసు మీదే కూర్చుని విన్నాడు. రెండో వారానికి నాకో సంగతి తెలిసింది. నేను అందించిన మాటల్లో సగం తప్పు. 'నీ' అన్నది ప్రతిసారీ నీళ్ళు కాదు. ఒకసారి 'నీ జడ బాగుంది' అని.

జూన్ మొదట్లో రెండోసారి వెళ్ళాం. టేప్‌రికార్డర్ కనిపించలేదు. ఆయన బల్ల మీద కాగితాలు, పెన్సిలు ఉన్నాయంతే. స్టాప్‌వాచీ మాత్రం ఉంది. పాప గది నలుమూలలా చూసి, "లైటు లేదు" అని తనే ప్రకటించింది. "లేదమ్మా. నువ్వు ఎంత చప్పుడైనా చేసుకో" అన్నాడాయన. నేను గోడవారగా కూర్చుని లవంగం నోట్లో పెట్టుకున్నాను.

చెక్కముక్కలు టకటకా పడ్డాయి. అవసరం లేకపోయినా గట్టిగా కొట్టింది, ముచ్చటపడి. బొమ్మలు చూపిస్తే పేర్లు చెప్పింది. సొరకాయని ఆనిగెపుకాయ అంది. ఆయన పెన్సిలు ఆగింది. ఆయనది కోస్తా, ఆ మాట తెలియదు. తప్పు వేస్తాడనుకున్నాను. లవంగం కొరికేశాను. ఇంకోటి వేసుకున్నాను. ఆయన తలెత్తి, "దాంతో ఏం చేస్తారు?" అని పాపనే అడిగాడు. "పప్పుల... ఏస్తరు. అత్త... ఏస్తది" అంది. ఆయన టిక్కు పెట్టాడు.

వాన పడితే ఏం చేస్తావని అడిగాడు. పాప ఆలోచించింది. పెదవులు వెతుక్కున్నాయి. గొడుగు అని నా నాలుక చివర కూర్చుంది. రెండో లవంగం కూడా పోయింది. బయట ఎవరో స్కూటరు స్టార్ట్ చేయడానికి కిక్కు కొడుతున్నారు. ఒకటి, రెండు, ఐదు, ఏడు. ఎనిమిదో దానికి స్కూటరు స్టార్ట్ అయింది. అప్పుడు పాప అంది: "బట్టలు... తీస్త. ఆరేసినయి."

నేను అందించి ఉంటే గొడుగనే చెప్పి ఉండేదాన్ని. ఆ మాట బళ్ళో పుస్తకంలో ఉంటుంది. దీనిది ఇల్లు నడిపే మనిషి జవాబు.

చివర్లో ఆయన పెన్సిలు పక్కన పెట్టి, మాటవరసకి అన్నట్టు, "మీ అమ్మ ఏం పని చేస్తుంది?" అన్నాడు.

పాప నా వైపు తిరిగి చూసింది. తర్వాత ఆయన వైపు తిరిగింది. "వేరేవాళ్ళ... మాటలు... మాట్లాడతది."

"అబ్బో! ఎవరి మాటలు?"

"సినిమాల... అందరివి." కాసేపు ఆగింది. "నావి గూడ."

ఆయన నా వైపు చూడలేదు. అది ఆయన మర్యాద. కాగితం మీద ఏదో రాసుకున్నాడు. మూడో లవంగం నేను కొరకలేదు, మింగేశాను.

కొత్త రిపోర్టులో అద్భుతాలేం లేవు. కుడిచేత్తో రాయడం కష్టం, ఎడమచేతికి అలవాటు చేయాలి. లెక్కల్లో వయసుకి కొంచెం వెనక ఉంది. అర్థం చేసుకోవడంలో వెనక లేదు. మాట ఉంది, జవాబుకి వ్యవధి ఇవ్వాలి. మామూలు క్లాసులో చేర్చవచ్చు, ఏడాది తర్వాత మళ్ళీ చూడాలి. మొదటి రిపోర్టు చెల్లదని, తప్పు పరీక్ష పెట్టిన పద్ధతిదని, పిల్లది కాదని కింద వేరే సంతకం చేసి మరీ రాశాడు. తప్పు ఒప్పుకుని సంతకం పెట్టే మగవాణ్ణి నేను సినిమాల్లో కూడా చూడలేదు. ఆ మాట ఆయనతోనే అన్నాను. "ఇది పొగడ్తేనా మేడమ్?" అన్నాడు. నా గొంతుతో చెప్తే అనుమానం రావడం సహజమే.

బడి తెరిచే ముందురోజు హెడ్‌మిస్ట్రెస్ గారి గదిలో కూర్చున్నాం. ఆవిడ కాగితం చదివి ఫైల్లో పెట్టారు. రిజిస్టరు తీశారు.

"నీ పేరేంటమ్మా?"

నేను కప్పు వైపు చూశాను. అక్కడ మామూలు ఫ్యాన్ తిరుగుతోంది. ఆవిడ కలం పట్టుకుని ఆగారు. ఒక టీచరు గుమ్మం దాకా వచ్చి, ఎవరూ మాట్లాడకపోవడం చూసి వెళ్ళిపోయింది. పాప తన పేరు చెప్పింది. మూడక్షరాలు. ఆవిడ రాసుకున్నారు. నాన్న పేరు అడిగారు. అది ఇంకాస్త పొడుగు, ఇంకాస్త సేపు పట్టింది. అదీ రాసుకున్నారు.

"మీ పేరండీ?" అని ఈసారి నా వైపు తిరిగి అడిగారు.

నేను లవంగం బుగ్గకి జరిపి నోరు తెరవబోయాను. పాప ఎడమచెయ్యి వచ్చి నా మోకాలి మీద పడింది.

"ఆగు. నే జెప్త" అంది.

ఆవిడ, నేను ఇద్దరం ఆగాం.